మోగే కట్టె, మోగని కట్టె

పోయిన ఎండాకాలం రెండు గోల్ఫ్ కర్రలు భుజాన వేసుకుని బెంగుళూరు నుంచి ఆళ్ళగడ్డకు వచ్చాను. బస్టాండులో దిగగానే టీ కొట్టాయన వాటిని ఎగాదిగా చూసి, "ఏందప్పా, చేపలు పట్టేదానికా?" అన్నాడు. అవునన్నాను. అంతకన్నా వివరంగా చెప్పే ఓపిక లేదు. నా ఉద్యోగం ఆ రెండు కర్రల్లో ఏదో ఒకదాని మీద వేలాడుతోంది. ఏదన్నది తేల్చుకోవడానికి పదిహేను రోజులే గడువు.

పద్దెనిమిదేళ్ళప్పుడు ఇల్లు విడిచిపోయి బెంగుళూరులో ఒక గోల్ఫ్ మైదానంలో చేరాను. మొదట బంతులు ఏరేవాణ్ణి. తర్వాత క్యాడీనయ్యాను. ఆడే సార్ల సంచి మోస్తూ, ఏ దెబ్బకు ఏ కర్ర తీయాలో చెప్పేవాణ్ణి క్యాడీ అంటారు. సోమవారం మైదానానికి సెలవు. ఆ ఒక్కరోజు మమ్మల్ని ఆడుకోనిచ్చేవాళ్ళు. నాకు వచ్చిన ఆటంతా సోమవారాల్లో నేర్చుకున్నదే. ఇప్పుడు సంచులు మోయడానికి బ్యాటరీ బండ్లు వచ్చాయి, మాలో సగం మందిని ఇళ్ళకు పంపేశారు. నా వంతు వచ్చినప్పుడు కార్యదర్శి పిలిచి, ఆట నేర్పే కోచ్ పరీక్ష పాసైతే ఉంచుకుంటామనీ లేకపోతే కుదరదనీ తేల్చి చెప్పాడు. అది పేపర్లో రాసే పరీక్ష కాదు. రెండు రోజులు మైదానంలోని పద్దెనిమిది గుంతల్లోనూ బంతి వేస్తూ ఆడి, వాళ్ళు పెట్టిన లెక్కకు లోపల దెబ్బలు ముగించాలి.

నాకు భయమంతా డ్రైవర్‌తోనే. సంచిలో అన్నిటికన్నా పొడుగు కర్ర అది, చివర పిడికిలి కన్నా పెద్ద తలకాయ ఉంటుంది. దూరం కొట్టాల్సిన మొదటి దెబ్బ దానితోనే కొట్టాలి. నా దెబ్బ దూరం పోదు, పోయినా తిన్నగా పోదు. ఎందుకంటే నేను కర్రను పీక నొక్కినట్టు బిగించి పట్టుకుంటాను. వదులుగా పట్టుకోవయ్యా అని ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎంతమంది చెప్పినా నా వేళ్ళు వినలేదు. ఆ బిగి ఆళ్ళగడ్డలో మొదలైంది.

మా నాయన శిల్పి. మా వీధిలో కోడి కూసే లోపే సుత్తుల చప్పుడు మొదలవుతుంది. నాకు పద్దెనిమిదేళ్ళున్నప్పుడు పాములపాడు దగ్గర ఒక ఊరి వాళ్ళు అమ్మవారి విగ్రహం చేయించుకున్నారు. నాలుగు చేతుల అమ్మవారు. నాయన నెలల తరబడి చెక్కాడు. కళ్ళు తెరిచే ముహూర్తం రెండు రోజులుందనగా, శూలం పట్టే చేతికి గాజులు చెక్కే పని నాకిచ్చాడు. మా ఇళ్ళల్లో అలాంటి పని ఇచ్చారంటే, వీడు ఇక పనివాడయ్యాడని అందరికీ చెప్పినట్టే. నేను పొద్దున్నే తలస్నానం చేసి కూర్చున్నాను. రెండు గాజులు చెక్కాను. మూడో గాజు దగ్గర ఉలి పెట్టి సుత్తి వేయగానే అమ్మవారి చెయ్యి మణికట్టు దగ్గర విరిగి నా ఒళ్ళో పడింది.

నాయన కొట్టలేదు. "రాయి మంచిదే. నీ చెయ్యే బరువు," అన్నాడు. విరిగిన విగ్రహాన్ని అతికించి గుడికి పంపరు, దాని ముఖం కూడా చూడరు. పనివాళ్ళ చేత దాన్ని బోర్లా తిప్పించి గోడవార వేయించాడు, చేతిని గోనెసంచిలో చుట్టి పక్కన పెట్టించాడు. మరుసటి రోజే ఇంకో రాయి కోసం బయలుదేరాడు. నేను మూడో రోజు బెంగుళూరు బస్సెక్కాను.

మా అన్న అప్పుడు నంద్యాల పాలిటెక్నిక్‌లో రెండో సంవత్సరం చదువుతున్నాడు. నేను పోయిన రెండు నెలలకు చదువు మానేసి ఉలి పట్టాడు. చిన్నోడు పని చెడగొట్టి పారిపోయినాడు, పెద్దోడు చదువు పాడుచేసుకుని నాయనను ఆదుకున్నాడు అని ఊరంతా అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఏడాదికోసారి ఇంటికి వస్తే అన్న వానల గురించి, మా ఆరోగ్యాల గురించి మాట్లాడేవాడు, ఆ రోజు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. కోపం ఉంది, బయటపెట్టడం లేదు అనుకునేవాణ్ణి. నాయన పోయి ఆరేళ్ళయింది. అన్నకు ఇప్పుడు రాతిదుమ్ము పట్టి, నాలుగు మాటలకోసారి దగ్గు. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ దగ్గు వినబడితే నాకు ముద్ద దిగేది కాదు. నేను మింగాల్సిన దుమ్ము అన్న మింగాడని అనిపించేది.

ఇక కర్రల సంగతి. పాత గోల్ఫ్ సామాన్లు అమ్మే అంగడాయన ఒకడు నాకు బాగా తెలుసు. రెండు డ్రైవర్లు చేతికిచ్చి, పదిహేను రోజులు కొట్టి చూసి నచ్చనిది తిరిగిమ్మన్నాడు. ఒకదానికి తలకాయ చిన్నది, మొత్తం లోహం. నడిమధ్యన తగిలితే ఖంగుమని మోగి బంతిని చాలా దూరం పంపిస్తుంది. పక్కకు తగిలిందా, బంతి ఎటు పోతుందో దానికే తెలియదు. రెండోదానికి తలకాయ వెడల్పు, వెనక్కి సాగి ఉంటుంది, పైకప్పు కార్బన్‌ది. ఎక్కడ తగిలినా టప్పుమంటుంది తప్ప మోగదు. దూరం పది పదిహేను అడుగులు తక్కువే పోతుంది, కానీ మడమ వైపు, అంటే పిడి దగ్గరి అంచున తగిలినా, మునివేళ్ళ వైపు, అంటే కొసన తగిలినా బంతిని దారిలోనే ఉంచుతుంది. తప్పును ఓర్చుకునే కర్ర అది.

నేను వందల మంది సార్లకు ఒకే మాట చెప్పాను. డ్రైవర్‌ను మీ మంచి దెబ్బ చూసి కొనవద్దు సార్, చెడ్డ దెబ్బ చూసి కొనండి, మీరు రోజూ కొట్టేది అదే. అందరూ నవ్వేవాళ్ళు, నా మాట విని బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, చివరికి నేనే పడ్డాను.

నంద్యాల దగ్గర మా మేనమామ కొడుకు పొలం ఉంది. శనగ కోసేసి ఖాళీగా ఉందంటే అక్కడికి పోయాను. నల్లరేగడి నేల, ఎండకు నెర్రెలు విచ్చి ఉంది. కొట్టిన బంతుల్లో నాలుగో వంతు ఆ నెర్రెల్లోనే పోయాయి. మొదటి రోజు ఒక్కణ్ణే కొట్టాను, ఒక్కణ్ణే వెతుక్కున్నాను. రెండో రోజు పొద్దున నేను బయలుదేరుతుంటే అన్న గొడుగు తీసుకుని మోటార్ సైకిల్ మీద కూర్చున్నాడు.

"యాడికన్నా?" అన్నాను.

"నీతోనేరా. బంతులు యాడ పడతాండాయో చూసే మనిషి వద్దా?"

వదిన గడపలో నిలబడి, "నలభై ఆరేండ్లొచ్చినాక బిళ్ళంగోడు ఆడుకునేదానికి మీ అన్నను ఎండలో నిలబెడతాండావా అబ్బీ?" అని నన్ను ఎత్తిపొడిచింది. అయినా రెండు సీసాల మజ్జిగ కట్టిచ్చింది. నేను అడిగిన ముగ్గుపిండి కూడా ఇచ్చింది, ఎందుకని మాత్రం అడగలేదు.

ఆ రోజు నాకెంత సంతోషమయిందో చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళలో నా ఆట ఏమిటని అన్న అడగలేదు. అలాంటి మనిషి పొలం అవతలి గట్టున గొడుగు పట్టుకుని, నేను కొట్టిన ప్రతి బంతికీ ఒక కందిపుల్ల గుచ్చుతున్నాడు. నేను కర్ర ముఖానికి తడి ముగ్గుపిండి పూసి కొట్టేవాణ్ణి. బంతి తగిలిన చోట గుండ్రంగా గుర్తు పడుతుంది. ఆ గుర్తులు నా చేతి బండారం బయటపెట్టాయి. ఒకటి మడమ దగ్గర, ఒకటి కొస దగ్గర, ఒకటి నెత్తి మీద. పదింటిలో రెండో మూడో నడిమధ్యన పడ్డాయి. నాకు కావాల్సింది ఏ కర్రో ఆ ముగ్గు అప్పుడే చెప్పింది. కానీ అన్న దగ్గరికి వస్తున్నప్పుడల్లా తువ్వాలుతో దాన్ని తుడిచేసేవాణ్ణి. నా చెయ్యి ఇప్పటికీ కుదురుగా లేదని అన్న కళ్ళబడటం నాకు ఇష్టం లేకపోయింది.

ఆరో రోజు చెట్టు నీడన మజ్జిగ తాగుతూ అన్న రెండు కర్రలనూ ఒళ్ళో పెట్టుకున్నాడు. నడుముకు దోపుకున్న చిన్న సుత్తి తీసి ఒక్కోదాని ముఖం మీద మెల్లగా తట్టాడు. మా వీధిలో రాయి కొనేటప్పుడు అన్నను పిలుచుకుపోని శిల్పి లేడు. తట్టి, చెవి పెట్టి, లోపల చీలిక ఉందో లేదో చెప్తాడు. గంట మాదిరి మోగితే మంచి రాయి, మోగకపోతే లోపల జబ్బు. అంత పేరున్న చెవి అది.

"ఇది మోగుతాంది. అది పగిలిన కుండ మాదిరి టప్పంటాంది. అది వద్దురా, దాంట్లో పానం లేదు."

"వెడల్పుది తప్పు పోయినా కాపాడుతాదన్నా."

"తప్పు ఎందుకు పోతావు? మోగేదానితో నువ్వు నిన్న కొట్టింది ఆ తుమ్మచెట్టు దాటి పడింది. నేనే పుల్ల గుచ్చినా. అంత దూరం ఆ మూగది ఒక్కసారన్నా పోయిందా?"

పోలేదు, నిజమే. ఆ ఒక్క దెబ్బ పోయింది. అలా పోని పదకొండు దెబ్బల పుల్లలు పొలం నిండా ఉన్నాయి, వాటి మాట ఇద్దరం ఎత్తలేదు. నేను తెలిసి తెలిసి తలూపాను. అన్న నా కోసం ఒక వస్తువు ఎంచి ఇచ్చాడు. కాదంటే ఆ పొలంలో కుదిరిన మాటా పలుకూ మళ్ళీ పోతుందని భయపడ్డాను. బెంగుళూరు పోగానే వెడల్పు కర్రను అంగడాయనకు తిరిగిచ్చేశాను. ఆయన నా ముఖంలోకి చూసి, "నువ్వేనా ఆ మోగేది తీసుకునేది?" అన్నాడు. నేను మోగేదాన్ని సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

పరీక్షలో మొదటి రోజు గట్టెక్కాను. రెండో రోజు కూడా చివరి నాలుగు గుంతల దాకా లెక్క లోపలే ఉన్నాను. పదిహేనో గుంత దగ్గర కుడి పక్క మైదానం గోడ, గోడ అవతల రోడ్డు. గోడ దాటిన ప్రతి బంతికీ రెండు దెబ్బలు నష్టం. కర్ర ఎత్తగానే నా వేళ్ళు బిగుసుకుపోయాయి. దెబ్బ మడమ మీద తగిలింది. ఖంగుమని మోగాల్సిన కర్ర ఆ దెబ్బకు టప్పుమంది. బంతి కుడికి తిరిగి గోడ దాటింది. ఇంకొకటి పెట్టి కొట్టాను, అదీ దాటింది. చివరికి రెండు దెబ్బల తేడాతో పోయింది పరీక్ష. మళ్ళీ వచ్చే ఏడాది రావచ్చన్నారు. అప్పటిదాకా పని ఉంటుందన్న మాట ఎవరూ ఇవ్వలేదు. ఆడలేక మద్దెల ఓడు అంటారని కర్ర సంగతి నోరెత్తలేదు. సంచి సర్దుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. అన్న షెడ్డులో ఒక నంది వీపు నునుపు చేస్తున్నాడు. నా ముఖం చూసి యంత్రం ఆపి, మూతికి కట్టుకున్న తువ్వాలు దించాడు.

"పోయిందా?"

"పోయింది. రెండు దెబ్బలు."

"ఏమైందిరా?"

"నా చెయ్యే మంచిది కాదులే అన్నా. అమ్మవారి చెయ్యి విరగ్గొట్టిన చెయ్యి గదా, యాడికి పోతాది దాని బుద్ధి!"

ఇన్నేళ్ళలో ఆ మాట మా ఇంట్లో పైకి అనడం అదే మొదటిసారి. అన్న నంది మీద చెయ్యి ఆనించి కాసేపు దగ్గాడు.

"నిజం చెప్పు. చేతి తప్పా, కట్టె తప్పా? ఆ మూగది అయ్యుంటే?"

"ఆ మూగది అయ్యుంటే మొదటి బంతి గోడ ఈవలే పడేది. పరీక్ష పాసయ్యేవాణ్ణి." అనకూడదనుకున్న మాటే అనేశాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. "నువ్వు మోగింది తీసుకోమన్నావు. నాకు తెలిసి కూడా నీ మాట విన్నా. సాలునా?"

అన్న షెడ్డు బయటి గోడ వైపు నడిచాడు. అక్కడ బోర్లా పడివున్న అమ్మవారి విగ్రహం మీద ఎప్పటివో పగిలిన రాతిపలకలు పేర్చి ఉన్నాయి. చూడటానికి కూడా అసహ్యమై అన్న దాన్ని అలా కప్పి ఉంచాడని నేను అనుకునేవాణ్ణి. ఒక్కో పలకా తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గాడు. నేను పోయి సాయం పట్టాను, ఎందుకో తెలియకుండానే. అమ్మవారి వీపు బయటపడింది. అన్న చీపురుతో మట్టి ఊడ్చి, బిందెడు నీళ్ళు తెచ్చి వీపు మీద, భుజం మీద, మొండి చేతి మీద పోశాడు.

"చూడు," అన్నాడు.

రాయి తడిస్తే అంతా ఒకటే నలుపు. నడినెత్తిన ఎండ. చూస్తుండగానే భుజం ఆరింది, వీపు ఆరింది. రాయంతా బూడిదరంగుకు తిరిగిపోయినా ఒక్కచోట మాత్రం తడి ఆరలేదు. మోచేతి మీద నుంచి మొదలై మణికట్టు దగ్గర విరిగిన చోటు దాకా, వెంట్రుక మందాన ఒక నల్లటి గీత. లోపల చీలిక ఉన్న చోట నీళ్ళు దాక్కుంటాయి, అన్నిటికన్నా చివర ఆరుతాయి. రాయి కొనేటప్పుడు తట్టి వినడం ఒక పరీక్ష, నీళ్ళు పోసి చూడటం ఇంకో పరీక్ష. రెండూ చేయనిదే రాయిని షెడ్డులోకి రానివ్వకూడదు. ఉలి పట్టని వాడికి కూడా మా వీధిలో ఈ సంగతి తెలుసు.

"ఈ రాయిని చూసొచ్చింది నేను," అన్నాడు అన్న. "నాయనకు ఆ పొద్దు జొరం. నన్ను పంపినాడు. తట్టితే గంట మోగినట్టు మోగింది. అప్పటికే నా చెవికి పేరు గదా, నీళ్ళెందుకులే అనుకున్నా. నంద్యాల బస్సుకు టైమయితాందని వచ్చేసినా. నీళ్ళు పోసి చూసినావా అని నాయన అడిగితే పోసినా అని చెప్పినా."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు పోయిన రెండు నెలలకు వాన పడింది. నేను సెలవులకు ఇంట్లో ఉన్నా. వాన వెలిసి ఎండ కాసినాక ఈ గీత కనపడింది. నాయన చూడకముందే పలకలు కప్పేసినా."

"అంటే నువ్వు చదువు మానింది..."

"నీ కోసం కాదురా. ఆ గీత చూసినాక పుస్తకం పట్టబుద్ధి కాలే."

నాకు వచ్చిన కోపం మామూలు కోపం కాదు. మా అన్న అని కూడా చూడకుండా నోటికొచ్చినన్ని తిట్లు తిట్టాను. వదిన వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడింది. అన్న తల ఎత్తలేదు. తిట్లు అయిపోయాక ఒకే ఒక ప్రశ్న మిగిలింది నాకు.

"నాయన పోయేటప్పుడు కూడా చెప్పలేదా?"

"నోరు రాలేదు," అన్నాడు. "ఆ పొలంలో నువ్వు కట్టె పట్టుకున్న పట్టు చూసినప్పుడే చెప్పాల్సింది. వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉండె. దానికి కారణం నేనేనని తెలుసు. చెప్పేదానికి బదులు మంచి కట్టె ఏరిస్తే సరిపోతాదనుకున్నా. అదీ చెడగొట్టినా."

క్షమించానని నేను అనలేదు. క్షమించమని అన్న అడగలేదు. ఆ రాత్రి అన్నం ఒకే పళ్ళెంలో తినలేదు గానీ, ఒకే ఇంట్లో తిన్నాం. బెంగుళూరు వెళ్ళి మోగే కర్ర ఇచ్చేసి, వెడల్పుది ఇంకా అమ్ముడుపోకుండా ఉంటే తెచ్చుకున్నాను. పని ఉన్నన్ని రోజులు చేస్తూ సోమవారాలు దానితోనే కొడుతున్నాను. బంతి దారి తప్పడం తగ్గింది. వేళ్ళు వదులయ్యాయా అంటే, లేదు. తప్పు నీది కాదని తలకాయకు తెలిసినంత తొందరగా చేతికి తెలియదు.

ఆ మధ్యాహ్నం నేను తిడుతున్నంతసేపూ ఆ గీత ఆరలేదు, తర్వాత మెల్లగా అదీ ఆరిపోయింది. అంతసేపు నిలిచింది అది. మా నాయన చనిపోయేలోపు ఒక్కసారి దాన్ని చూసి, తప్పు నా చేతిది కాదని తెలుసుకుని ఉంటే, పరీక్ష పోయినా నాకింత బాధ ఉండేది కాదు.